బ్రేకు ముందు, క్లచ్ ఆఖరున
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఉదయమే మాట్లాడారు. "మీరు ఏదైనా ఇంట్లో పనికొచ్చే విషయం చెప్పండి, అరగంట దాటకుండా" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను ఎంచుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. గేరు కారును నడుపుతూ వేగం తగ్గించుకోవడం ఎలా, ఏ పద్ధతిలో తగ్గిస్తే బండిలో ఏది అరుగుతుంది అన్నది నా అంశం.

ఇది పెన్షనర్ల సభలో మాట్లాడవలసిన విషయమేనా అంటారేమో. మనలో సగం మంది ఇళ్ల ముందు ఇవాళ ఒక చిన్న కారుంది. కొందరు గ్రాట్యుటీ డబ్బుతో కొనుక్కున్నారు. కొందరికి పిల్లలు హైదరాబాదో బెంగుళూరో అమెరికానో వెళ్తూ వదిలిపెట్టి వెళ్లారు. దాదాపు అన్నీ గేరు బళ్లే. దానికి వచ్చే రిపేరు బిల్లు మాత్రం ఒకటో తారీఖున వచ్చే పెన్షనులోంచే పోవాలి. పైగా యాభై అయిదేళ్లు దాటినవారికి లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ చేస్తున్నారు, డాక్టరు సర్టిఫికెట్టు పెట్టమంటున్నారు. అంటే మనం ఇంకా బండి నడుపుతామనే ప్రభుత్వం కూడా అనుకుంటున్నది. నడిపేవాళ్లం ఎలా నడుపుతున్నామో ఒకసారి చూసుకుంటే తప్పులేదు.

ఉదయం పార్కులో నడిచే మన మిత్రబృందంలో ఈ విషయం మీద మూడు పార్టీలున్నాయి. మొదటిది న్యూట్రల్ పార్టీ. దూరాన ఎర్ర దీపం కనబడగానే గేరు తీసేసి బండిని దొర్లిస్తారు, పెట్రోలు మిగులుతుందని వీరి నమ్మకం. రెండవది గేర్ల పార్టీ. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి అని మెట్లు దిగినట్టు దిగి, బ్రేకు మీద కాలు పెట్టకుండా బండి ఆపితే అదే అసలైన డ్రైవింగు అంటారు. మూడవది, అన్నిటికంటే పెద్దది, రెండు కాళ్ల పార్టీ. వేగం తగ్గించాలనుకోగానే క్లచ్చూ బ్రేకూ ఒకేసారి తొక్కేస్తారు. డ్రైవింగు స్కూళ్లలో బండి ఆగిపోతే శిష్యుడు బెదురుతాడని ఈ అలవాటు చేస్తారు, అది జన్మంతా వదలదు. గత ఏడాది ఈ చర్చ ముదిరి మొదటి పార్టీ ఆయనా రెండో పార్టీ ఆయనా పది రోజులు ఎడమొహం పెడమొహంగా నడిచారు. వారిద్దరూ ఈ సభలోనే ఉన్నారు గనుక పేర్లు చెప్పను.

నేను మెకానిక్కుని కాను. యల్.డి.సి.గా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైన గుమాస్తాని. కానీ తాలూకాలున్న రోజుల్లో కొన్నేళ్లు మా ఆఫీసు జీపుల లాగ్ బుక్కులు, పెట్రోలు ఇండెంట్లు, రిపేరు బిల్లులు నా సీటులోనే ఉండేవి. బండి ఎవరు నడిపారు, ఎక్కడికి నడిపారు, ఏ నెలలో ఏ సామాను మార్చారు అన్నది ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకునే అవకాశం మెకానిక్కుకు కూడా ఉండదు. నాకు ఉండేది. అందులో నుంచి నేర్చుకున్నదే మనవి చేస్తాను.

1980ల మొదట్లో సంగతి. మా దగ్గర రెండు మహీంద్రా జీపులుండేవి. ఒకటి పల్లపు ప్రాంతంలో, ఊళ్లోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ తిరిగేది. రెండవది ఏజెన్సీ వైపు, పాడేరు ఘాటు ఎక్కి దిగేది. ఒక ఏడాది ఆడిట్ వారు వచ్చి ఒక పేరా రాశారు. పల్లపు బండికి ఏడాదిలో రెండుసార్లు క్లచ్ ప్లేటు మార్చారు, ఘాటు ఎక్కే బండికి మూడేళ్లుగా ఒక్కసారీ మార్చలేదు. కొండ బండికి లేని అరుగుదల నేల బండికి ఎక్కడిది? ఇది డ్రైవరు అశ్రద్ధ కావచ్చు, లేదా బిల్లు దొంగది కావచ్చు, కాబట్టి మొత్తం సొమ్ము డ్రైవరు జీతం నుంచి ఎందుకు రికవరీ చేయకూడదో జవాబు ఇవ్వండి అని.

ఆ డ్రైవరుకు ఆ వేసవిలో కూతురి పెళ్లి ఉంది. రికవరీ అంటే నెలనెలా జీతంలో కోత. ఆయన నా టేబులు దగ్గరకు వచ్చి, "బాబుగారూ, నేను బండిని బిడ్డలా చూసుకుంటాను. బ్రేకు కూడా తొక్కను, కావాలంటే చూడండి, నా బండికి బ్రేకు లైనర్లు ఎప్పుడు మార్చారో" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను లాగ్ బుక్కు తిప్పాను. నిజమే, ఆ బండికి లైనర్లు మార్చిన దాఖలా రెండేళ్లుగా లేదు. ఘాటు బండికి మాత్రం లైనర్లు వేళకు మారుతూనే ఉన్నాయి.

ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే లెక్క అక్కడే ఉంది. ఒకాయన బ్రేకును మిగిల్చి క్లచ్చును ఖర్చుపెడుతున్నాడు. రెండో ఆయన బ్రేకును ఖర్చుపెట్టి క్లచ్చును మిగులుస్తున్నాడు. బ్రేకు లైనర్ల బిల్లు చిన్నది, పని ఒక పూటలో అయిపోయేది. క్లచ్ ప్లేటంటే గేరుబాక్సు దించాలి, ప్లేటు ఖరీదు ఒకటి, కూలి ఒకటి, బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే అధికారి క్యాంపులకు అద్దె కారు ఒకటి. ప్రభుత్వానికి ఏది నష్టమో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆ డ్రైవరుతో పాటు జీపులో ఒక సాయంత్రం కూర్చుని చూశాను. సంత దగ్గర ఎడ్ల బండి అడ్డం వచ్చింది. ఆయన బ్రేకు తొక్కలేదు. మూడో గేరు నుంచి టక్కున రెండో గేరుకు దింపి క్లచ్ వదిలేశాడు. జీపు ఒక్క కుదుపు కుదిపి, ఇంజను పెద్దగా మూలిగి, వేగం తగ్గింది. ఆ కుదుపే క్లచ్ ప్లేటు అరగడం. గేరు దింపినప్పుడు ఇంజను ఒక్కసారిగా ఎక్కువ చుట్లు తిరగాలి. దాన్ని అంత వేగానికి ఈడ్చేది క్లచ్ ప్లేటే. ఆ ఈడ్చే క్షణంలో ప్లేటు జారుతుంది, జారినప్పుడు అరుగుతుంది. రోజుకు వంద సార్లు అలా చేస్తే ఏడాదికి రెండు ప్లేట్లు పోవడంలో వింత లేదు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇది?" అని అడిగితే, ఆయన ఉద్యోగానికి ముందు పదేళ్లు లోడు లారీ నడిపాడని తెలిసింది. అక్కడ ఆ పద్ధతి సరైనదే. పది టన్నుల బరువును డ్రమ్ము బ్రేకుల మీదే ఆపుతూ పోతే అవి కాలిపోతాయి. గేరు వేసి పట్టాలి. అయితే లారీ డ్రైవరు రెండుసార్లు క్లచ్ తొక్కి, మధ్యలో యాక్సిలరేటరు ఇచ్చి, ఇంజను చుట్లు కలిపి గేరు దింపుతాడు. ఈయన జీపు తేలికే గదా అని ఆ మధ్య పని మానేశాడు. అశ్రద్ధ కాదు, మోసమూ కాదు. ఒక బండి నియమం ఇంకో బండికి వేశాడు, అంతే. నేను జవాబు ముసాయిదా రాశాను. రెండు జీపుల లైనర్లు, క్లచ్ ప్లేట్ల తేదీలు, కిలోమీటర్లు పక్కపక్కన ఒక పట్టికగా పెట్టి, డ్రైవరుకు తగు సూచనలు ఇవ్వడమైనదని ముగించాము. ఆడిట్ వారు పేరా ఉపసంహరించుకున్నారు. పెళ్లికి నన్నూ పిలిచాడు. నా సర్వీసులో రాసిన జవాబుల్లో సంతోషం కలిగించినవి చాలా తక్కువ, అందులో ఇది ఒకటి.

ఇక అసలు విషయానికి వస్తాను. కదిలే బండిలో శక్తి ఉంటుంది. అది వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కి.మీ. మీద పోయే కారులోని శక్తిలో 40 మీద పోయే కారుకు ఉండేది నాలుగో వంతే. అంటే 80 నుంచి 40కి తగ్గించడంలోనే ముప్పాతిక భాగం పని అయిపోతుంది. మిగిలిన 40 నుంచి సున్నాకు రావడం పావు భాగమే. ఈ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా. బ్రేకు తొక్కితే ప్యాడ్లూ డిస్కులూ వేడెక్కి ఆ వేడి గాలిలో కలుస్తుంది, కొంచెం ప్యాడు అరుగుతుంది. కాబట్టి బ్రేకు అరుగుదల తగ్గాలంటే గేర్లతో కుస్తీ పట్టనక్కర్లేదు. వేగం ఎక్కువగా ఉన్నప్పుడే, ముందున్నది చూసుకుని, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు. గాలి ఒత్తిడి, ఇంజను రాపిడి కలిసి ఆ ముప్పాతికలో మంచి భాగం ఉచితంగా చేసిపెడతాయి. కాలు తీయడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. అందరికంటే ముందు వెళ్లాలన్న తొందర మనకెలాగూ తగ్గింది, ఆ మాత్రం లాభం వయసు వల్ల ఉండాలి గదా.

న్యూట్రల్ పార్టీ మిత్రులు ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. గేరులోనే ఉంచి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఇప్పటి పెట్రోలు కార్లలో ఆ స్థితిని కంప్యూటరు గుర్తించి, ఇంజను చుట్లు బాగా తగ్గేవరకు పెట్రోలు చిమ్మడమే మానేస్తుంది. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టారనుకోండి, ఇంజను ఆగిపోకుండా ఉండడానికి కొంచెం కొంచెం పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అంటే మిగులుతుందనుకున్నచోట ఖర్చవుతున్నది. పాత అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, మొదటి మారుతీలు కార్బురేటరు బళ్లు. వాటికి ఈ ఏర్పాటు సాధారణంగా ఉండేది కాదు. ఆ రోజుల్లో న్యూట్రల్ వాదానికి కొంత అర్థముంది. 2000వ సంవత్సరం దరిదాపుల నుంచి ఇంజెక్షన్ పద్ధతి వచ్చాక అది పోయింది, అలవాటు మిగిలింది. మా మనవడి కారులో లీటరుకు ఎన్ని కి.మీ. వస్తున్నదో ఆ క్షణానికి చూపే సూచిక ఉంది. గేరులో ఉండగా కాలు తీస్తే ఆ గీత చివరిదాకా వెళ్లి కూర్చుంటుంది. న్యూట్రల్ చేయగానే వెనక్కి వస్తుంది. నమ్మనివారు అలాంటి కారున్న పిల్లలనడిగి ఒకసారి చూడవచ్చు. న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం దొర్లుతుంది, నిజమే. కానీ మనం మాట్లాడుకుంటున్నది ఆగడం గురించి గదా, దొర్లడం గురించి కాదు.

ఇంజనుతో వేగం తగ్గిస్తే ఇంజను పాడవుతుందేమో అని కొందరి భయం. మామూలు చుట్లలో ఉన్నంతవరకు ఏమీ కాదు. ఆయిలు పంపు ఇంజనుతోపాటే తిరుగుతుంది గనుక లోపల ఆయిలు అందుతూనే ఉంటుంది. బాగా అరిగిన పాత ఇంజను అయితే, యాక్సిలరేటరు మూసి చాలాసేపు దిగినప్పుడు వాల్వుల పక్కనుంచి ఆయిలును లోపలికి పీల్చుకుని, మళ్లీ కాలు వేయగానే నీలం పొగ వదులుతుంది. ఘాటు దిగిన పాత బళ్ల వెనక ఆ పొగ చూసే ఉంటారు. అది పాత రోగాన్ని చూపించడమే, కొత్తగా తెచ్చినది కాదు. ప్రమాదం వేరే చోట ఉంది. వేగంగా పోతూ పొరపాటున మరీ కింది గేరు వేసి క్లచ్ వదిలితే, ఇంజను తట్టుకోలేనన్ని చుట్లు తిరుగుతుంది. దానికి జాగ్రత్త వేరే ఏమీ లేదు, బ్రేకుతో వేగం తగ్గించిన తర్వాతనే గేరు దింపడం.

మరి చదును రోడ్డు మీద నేను చేసేదేమిటంటే, ముందు కాలు తీస్తాను. చాలకపోతే బ్రేకు. ఉన్న గేరులోనే ఉంటాను. బండి నెమ్మదించి ఇంజను కాస్త వణకబోయే ముందు, మూడో గేరులో అయితే సుమారు ఇరవై కి.మీ. దగ్గర, అప్పుడు క్లచ్ తొక్కుతాను. బండి పూర్తిగా ఆగేటట్టయితే న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేస్తాను. మధ్యలో దారి తెరుచుకుంటే అప్పటి వేగానికి ఏ గేరు సరిపోతుందో అదే వేస్తాను. నాలుగు నుంచి నేరుగా రెండు వేయవచ్చు, వేగం అంత తగ్గి ఉంటే. ప్రతి మెట్టూ దిగాలన్న శాస్త్రం ఇప్పటి గేరుబాక్సులకు లేదు. దిగని ప్రతి మెట్టూ క్లచ్చుకు ఒక అరుగుదల తప్పించినట్టే. గేరు దింపినప్పుడు క్లచ్‌ను మెల్లగా వదలడం, చేతనైనవారు యాక్సిలరేటరు ఒక చుక్క ఇచ్చి చుట్లు కలపడం మంచిది. కుదుపు రాకపోతే అరుగుదల తక్కువని గుర్తు.

రెండు కాళ్ల పార్టీకి ఒక మాట. క్లచ్ ముందే తొక్కేస్తే ఇంజను పట్టు పోతుంది, భారమంతా బ్రేకు మీద పడుతుంది. అది ఒక నష్టం. ఎర్ర దీపం దగ్గర నిమిషంన్నర సేపు క్లచ్ తొక్కి ఫస్టు గేరులో నిలబడడం ఇంకో నష్టం, అంతసేపూ రిలీజ్ బేరింగు నలుగుతుంది. ఎత్తు మీద ఆగినప్పుడు హ్యాండు బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం అన్నిటికంటే పెద్ద నష్టం, ప్లేటు కాలిన వాసన వస్తుంది. మనకు మోకాళ్ల నొప్పులు ఎక్కువ. ఎడమ కాలిని ఊరికే క్లచ్ మీద ఆనించి ఉంచే అలవాటు మోకాలికీ మంచిది కాదు, క్లచ్చుకూ మంచిది కాదు. అయితే కుక్కో పిల్లవాడో ఒక్కసారిగా అడ్డం వస్తే ఈ ప్రసంగమంతా మరచిపోయి బ్రేకు గట్టిగా తొక్కండి. ఇంజను ఆగిపోతే ఆగిపోనీండి.

ఖర్చు సంగతి. చిన్న కారుకు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చడం గంటలో అయిపోయే పని. క్లచ్ సెట్టు మార్చాలంటే ఇప్పటికీ గేరుబాక్సు దించవలసిందే. బిల్లు మూడు నాలుగింతలు సులువుగా అవుతుంది. ప్యాడ్లు అరగడానికే తయారయ్యాయి. చెప్పు అరుగుతుందని కాలు అరగదీసుకోము గదా.

ఇంతవరకు చెప్పినది చదును రోడ్డుకు. ఘాట్ రోడ్డుకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మాత్రం గేర్ల పార్టీదే గెలుపు.

మనలో చాలామంది ఏటా తిరుమల వెళ్లేవాళ్లమే. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు కిందికి దిగుతాము, అందులో 36 మలుపులున్నాయి. కొండ మీదికీ కిందికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో సామానుతో పన్నెండు వందల కిలోలున్న కారు అంత ఎత్తు నుంచి దిగితే వెలువడే శక్తి, రమారమి పాతిక లీటర్ల చన్నీళ్లను మరగబెట్టడానికి సరిపోతుంది. రెండు బిందెల నీళ్లనుకోండి. ఆ వేడినంతా నాలుగు చక్రాల దగ్గరుండే నాలుగు చిన్న బిళ్లల మీద పెడతామా, ఇంజనుకూ గాలికీ పంచుతామా అన్నదే ప్రశ్న. చదును మీద బ్రేకు తొక్కితే ఒకసారి వేడెక్కి మళ్లీ చల్లారుతుంది. ఘాటులో చల్లారే తీరిక లేదు. ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. డ్రమ్ములు వ్యాకోచించి షూలకు దూరం జరుగుతాయి. చివరకు గొట్టాల్లోని బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆవిరిని నొక్కితే అది ముడుచుకుంటుంది తప్ప ఒత్తిడిని చక్రానికి అందించదు. పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది.

అందుకే పాత డ్రైవర్ల మాట ఒకటుంది, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అని. రెండో గేరులో ఎక్కే వాలు అయితే రెండో గేరులోనే దిగాలి. గేరు ముందే, వాలు మొదలయ్యే చోటే వేయాలి. వేగం పట్టాక వేయబోతే పడకపోవచ్చు. ఆపైన బ్రేకు కావాలి, కావాలి గాని ఊరికే ఆనించి ఉంచకూడదు. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలి చల్లారనివ్వాలి. ఇంజను ఆపేసి దిగడం అన్నది మాత్రం కలలో కూడా వద్దు. బ్రేకుకు బలమిచ్చే బూస్టరు ఇంజను నడుస్తుంటేనే పనిచేస్తుంది. రెండు మూడు తొక్కులకు ఉన్న బలం అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది. డీజిల్ ఇంజనుకు ఈ పట్టు సహజంగా కొంత తక్కువ, అందుకే బస్సులకూ లారీలకూ ఎగ్జాస్ట్ బ్రేకు అని వేరే పెడతారు. ఇరుకు ఘాటులో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది కూడా నియమమే. ఆ ఇచ్చేవాడు ఆగగలిగి ఉండాలి గదా.

2011లో అరకు నుంచి అనంతగిరి ఘాటు మీదుగా శృంగవరపుకోట వైపు దిగుతున్నాము. కారు మా బావమరిదిది, సెకండు హ్యాండులో కొన్నది. ముందు అతనూ నేనూ, వెనక మా ఆవిడ, అతని భార్య, ఇద్దరు పిల్లలు. నేను మాటల్లో ఉండగానే ఇంజను శబ్దం తగ్గిపోవడం వినిపించింది. చూస్తే న్యూట్రల్. "బావా, పెట్రోలు దండగ దేనికి, కొండే తోస్తోంది గదా" అన్నాడు. నేను గేరు వెయ్యమన్నాను. "ఈ మలుపు దాటాక" అన్నాడు. ఆ మలుపు దాటేలోపలే కాలిన వాసన వచ్చింది. తర్వాతి మలుపు ముందు అతని కాలు నేలకు ఆనడం నేను చూశాను. మొహం చూస్తే తెల్లగా ఉంది, మాట రావడం లేదు.

పాడేరు ఘాటులో జమాబందీ క్యాంపులకు వెళ్లిన ఏళ్లలో ఆ రెండో డ్రైవరు పక్కన కూర్చుని విన్న మాటలు అప్పుడు పనికొచ్చాయి. "పెడల్ తొక్కి వదులు, తొక్కి వదులు. మూడో గేరు వెయ్యి. ఇప్పుడు రెండు" అన్నాను. అరవలేదు, అరిస్తే వెనకవాళ్లకు తెలుస్తుంది. మూడులో ఇంజను గట్టిగా మూలిగింది, రెండులో బండి వెనక్కి లాగినట్టు పట్టుకుంది. ఆ క్షణాన క్లచ్ ఎంత అరిగిందో ఎవరికి కావాలి? హ్యాండు బ్రేకు లీవరు బొత్తాం నొక్కిపెట్టి నేనే కొద్దికొద్దిగా లాగాను. కొండ వైపు అంచున కాస్త వెడల్పు ఉన్నచోట బండి ఆగింది. పిల్లలు కోతులను చూడడానికి ఆపామనుకుని దిగి చప్పట్లు కొట్టారు. చక్రాలకు రాళ్లు పెట్టి ముప్పావుగంట కూర్చున్నాము. ఎవరో వచ్చి నీళ్లు పోయబోతే వద్దన్నాను. కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకరపోవచ్చు, పగలవచ్చు. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. మిగిలిన ఘాటంతా రెండో గేరులో దిగాము. శృంగవరపుకోటలో మెకానిక్కు మూత తీసి చూపించాడు, బ్రేకు ఆయిలు కాఫీ డికాషన్‌లా ఉంది. కొన్న నాటి నుంచి ఎవరూ మార్చలేదు. మా చెల్లెమ్మకు ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆమె ఈ సంచిక చదివితే తెలుస్తుంది.

ఈ బ్రేకు ఆయిలు సంగతి పెన్షనర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బండి ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఇంత తక్కువ తిరిగిన బండికి ఏం అరుగుతుందని సర్వీసు వాయిదా వేస్తాము. ప్యాడ్లకు కిలోమీటర్ల లెక్క సరే. కానీ బ్రేకు ఆయిలుకు లెక్క కాలంతో. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. బండి కదలకపోయినా సరే రెండేళ్లకోసారి మార్పించండి. దాని ఖర్చు మన నెల మందుల ఖర్చులో మూలకు రాదు. అలాగే వారాల తరబడి నిలబడిన బండిలో డిస్కు మీద తుప్పు పడుతుంది. మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది, అది దానంతట పోతుంది. వానాకాలంలో హ్యాండు బ్రేకు బిగించి నెల వదిలేస్తే వెనక షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. చదును నేల మీద అయితే గేరులో పెట్టి, చక్రానికి ఒక ఇటుక ఆనించి వదిలేయడం మేలు.

నా చేతికి కొన్ని చీటీలు వచ్చాయి. ఒక సోదరి అడిగారు, గేర్లు లేని బండి కొంటే ఈ గొడవంతా ఉండదు గదా అని. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అది మంచి ఆలోచనే, చదును రోడ్డు మీద ఈ గొడవ ఉండదు. ఘాటులో మాత్రం ఉంటుంది. ఆ బళ్లలో కూడా కింది గేరులో నిలిపి ఉంచే ఏర్పాటు ఒకటి ఇస్తారు, లీవరు పక్కన గుర్తు ఉంటుంది. కొండకు వెళ్లే ముందే అది ఎక్కడుందో పిల్లల చేత చూపించుకోండి. ఇంకొకరు కరెంటు కార్ల గురించి అడిగారు. వాటిలో కాలు తీయగానే మోటారే జనరేటరుగా తిరిగి వేగం తగ్గిస్తుంది, ఆ శక్తి కొంత బ్యాటరీకి చేరుతుంది, అందువల్ల ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. బ్యాటరీ నిండుగా ఉంటే మాత్రం ఆ పట్టు తగ్గవచ్చు. కాబట్టి కొండ మీద పూర్తిగా ఛార్జి చేసుకుని దిగడం మొదలుపెట్టవద్దు.

చివరి చీటీలో సంతకం లేదు. "క్లచ్ అరిగిందని మనకెలా తెలుస్తుంది?" అని ఉంది. యాక్సిలరేటరు నొక్కితే ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే, అది ఎత్తు మీద, పై గేరులో ముందు తెలుస్తుంది. పెడల్ బాగా పైకి వచ్చాక గాని బండి కదలకపోవడం ఇంకో గుర్తు. ఈ రెండూ కనబడితే ప్లేటు అయిపోవచ్చినట్టే, మెకానిక్కు దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఎన్ని కిలోమీటర్లకు, ఏ తేదీన మార్చారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. లాగ్ బుక్కు రాయడం మనకు కొత్త కాదు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు.